కిరాయిదారు

"వాడు ఇల్లు ఖాళీ చెయ్యడు అవ్వా. ఆ ముచ్చట ముందే చెప్తున్న. కానీ ఇల్లు నీది."

ఎర్రబోరు బస్తీలో ఏ గడప తొక్కినా నర్సు సరోజన మొదటి మాట ఇదే. ఆ గడపల వెనక ఉన్నవాళ్లంతా క్యాన్సర్ ఇక నయం కాదని ఆసుపత్రి తేల్చి పంపేసిన మనుషులు. ఆ సంగతి చెప్పడానికి డాక్టర్లు గొంతు సవరించుకుంటారు, గోడ వంక చూస్తారు, "ఇంటి దగ్గర బాగా చూసుకోండి" అని చీటీ చేతిలో పెడతారు. ఎట్లా చూసుకోవాలో ఎవడూ చెప్పడు. అది చెప్పడమే సరోజన పని. నొప్పి మందు ఎప్పుడు తాగాలి, అది తాగితే మలం గట్టిపడుతుంది కనుక దానికేం మింగాలి, నోరు పూస్తే ఉప్పూ సోడా కలిపిన నీళ్లు ఎట్లా పుక్కిలించాలి, ఊపిరాడనప్పుడు ముందుకు వంగి ముఖానికి విసనకర్ర గాలి ఎట్లా తగిలించుకోవాలి. ఇవన్నీ తాను చేసిపెట్టదు, వాళ్ల చేతే చేయిస్తుంది. "నేను పోయినంక ఎవరు జేస్తరు? నువ్వే జెయ్యాలె" అని గదమాయిస్తుంది.

బస్తీకి ఆ పేరు ఊరికే రాలేదు. బోరు కొడితే ఎర్రనీళ్లు పడ్డాయి. పక్కనే, గోడకు ఆనుకుని రసాయనాల ఫ్యాక్టరీ. నీళ్లు ఎందుకు ఎర్రబడ్డాయో బడికి పోని పిల్లాడినడిగినా చెబుతాడు. అధికారులకు మాత్రం పరీక్షలు ఇంకా జరుగుతూనే ఉన్నాయి.

సరోజన మాట మొదటిసారి విన్నప్పుడు బూదవ్వ ఒళ్లోని బీడీల చాటను దించను కూడా లేదు. ఆకు కత్తిరిస్తూనే అడిగింది.

"కిరాయన్న ఇస్తడా?"

"ఇయ్యడు."

"కరెంటు బిల్లు?"

"నువ్వే కట్టాలె."

"అంటే మన ఫ్యాక్టరోనికి చుట్టమే అన్నట్టు" అని బూదవ్వ పకపకా నవ్వింది. నవ్వుకు నడుము ఎముక కలుక్కుమంది. అయినా నవ్వు ఆపలేదు.

ఆ రోజు నుంచి బస్తీలో క్యాన్సర్ అనే మాట పోయింది. "మా కిరాయిదారు పొద్దుగాలనుంచి గరం మీదున్నడు" అని ఒకరంటే, "మావోడు నిన్నటికెల్లి సప్పుడు లేడు, ఏం పన్నాగం పన్నుతున్నడో" అని ఇంకొకరంటారు. చావు గురించి అట్లా మాట్లాడొచ్చని వాళ్లకు అంతకుముందు తెలియదు.

సరోజన సంచిలో మందు సీసాలతో పాటు బిళ్లలుండేవి. రూపాయంత ఉంటుంది బిళ్ల. గడ్డ చుట్టూ ఉన్న నరాలు, నొప్పి మనిషికి తెలియకముందే తమలో తాము గుసగుసలాడుకుంటాయట. బిళ్లను చర్మానికి అంటిస్తే ఆ గుసగుసను పట్టి చిన్న చప్పుడుగా వినిపిస్తుంది. చప్పుడు రాగానే మందు చెంచాడు తాగితే నొప్పి లేచే సమయానికి మందు కాపలా కూర్చుని ఉంటుంది. ఎవరి చప్పుడు వారిదే. బూదవ్వది తిరగలి తిప్పినట్టు గరగర. లారీ తోలి తోలి ముసలైన ఓదెలుది స్టార్టు కాని పాత బండి మోత. "సెల్ఫు కొడ్తుండు చూడు బాడుకావ్" అని నవ్వుకుంటూ చెంచా అందుకునేవాడు.

మొదట్లో ఈ బిళ్లను ఒక్కరూ ఒంటి మీద వేయనివ్వలేదు. కరెంటు కొడుతుందన్నారు. ఒక ఇంటి రోగాన్ని ఇంకో ఇంటికి మోస్తుందన్నారు. సరోజన వాదించలేదు. బిళ్ల తీసి ముందు తన మెడ కింది ఎముక మీద అంటించుకుంది. దాంతోనే కూర్చుని వాళ్లిచ్చిన చాయ్ తాగింది. "అంటుకునేదైతే ముందు నాకే అంటుకోవాలె గదా?" అంది. తర్వాత పీకి వాళ్లకు పెట్టింది. నర్సింగు బడిలో ఎవరూ నేర్పని పద్ధతి అది. భయం పోయాక కూడా ఆమె ఆ అలవాటు మానలేదు. బిళ్ల ఎవరిదైనా ముందు తన ఒంటి మీదే.

ఫ్యాక్టరీ రోడ్డుకవతల రెండో యూనిట్ కడతానంటోంది. అందుకు ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. షామియానా, మైకు, కలెక్టరేటు నుంచి ఒక అధికారి. పోయినసారి ఇట్లాంటి సభలో ఫ్యాక్టరీ తెల్లచొక్కాలవాళ్లే మాట్లాడి, తెల్లచొక్కాలవాళ్లే చప్పట్లు కొట్టుకుని వెళ్లిపోయారు. ఈసారి కిరాయిదార్లున్న వాళ్లందరూ ముందు వరసలో కూర్చోవాలని బూదవ్వ పట్టుబట్టింది.

"నా బతుకు గా సభ దాంక ఉంటే సాలు బిడ్డా" అంది సరోజనతో. "మైకుల నాలుగు ముక్కలు జెప్పి పోత. అప్పటిదాంక వీణ్ని పట్టుకునుడు నువ్వు నేర్పియ్యి."

సరోజన నేర్పింది. చెంచా ఎంత తాగితే నొప్పి ఆగుతుందో, ఎంత తాగితే మాట ముద్దవుతుందో బూదవ్వ తనంతట తాను కనిపెట్టుకుంది. రెండింటి మధ్య ఉన్న సన్నటి దారి మీద నడవడం నేర్చుకుంది.

*

బిళ్లను కనిపెట్టింది డాక్టర్ కాత్యాయని. నగరంలో ఆమెకో ల్యాబు. ఆమె తండ్రి ఎముకల క్యాన్సర్‌తో అరిచి అరిచి పోయాడు. ఆ అరుపు ఆమె చెవుల్లోంచి పోలేదు. చెడ్డమనిషి కాదు. నొప్పి అనేదాన్ని భూమ్మీద లేకుండా చేయాలని కూర్చున్న మనిషి.

ఒకరోజు సరోజనను పిలిపించింది. కుర్చీలో దవడ వాచిన మనిషొకడు పిడికిళ్లు బిగించి కూర్చున్నాడు. కాత్యాయని చేతులకు గ్లౌజులు తొడుక్కుని, పట్టకారుతో కొత్త బిళ్ల తీసి అతని మెడకు అంటించింది. పిడికిళ్లు పువ్వుల్లా విచ్చుకున్నాయి. చూస్తుండగానే తల వెనక్కి వాల్చి నిద్రపోయాడు.

"పాతది వినేది. ఇది జవాబు చెబుతుంది" అంది కాత్యాయని. "అంతా బాగానే ఉందని నరాలకు చెబుతుంది. అవి నమ్ముతాయి."

సరోజన కళ్లు తడిశాయి. ఇన్నేళ్లలో ఆమె చూసిన అతి మంచి సంగతి అది.

"మార్ఫిన్ చెంచాలు అక్కర్లేదు. చప్పుడు కోసం కాచుకోనక్కర్లేదు. నేర్చుకోవడాలూ నేర్పడాలూ అక్కర్లేదు. నువ్వు కూడా ఇంటింటికీ తిరగక్కర్లేదు సరోజనా. ఒకసారి అంటించేసి వచ్చెయ్యి."

"తిరగకుంటే ఎట్ల మేడం? వాళ్లకు..."

"ఎర్రబోరు మొత్తానికీ ఇస్తున్నాం. ఖర్చు ఫ్యాక్టరీ వాళ్ల సంక్షేమ నిధి."

"సభ ముంగట ఫ్యాక్టరోళ్లు ఇస్తున్నరంటే..."

"ఎవరి డబ్బు అని నొప్పి అడుగుతుందా?"

దానికి సరోజన దగ్గర జవాబుంది. కానీ ఆమె ఉద్యోగం ఏటేటా సంతకం పడితేనే నిలిచే ఉద్యోగం. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుంది, నాడి చూసుకుంటున్నట్టు.

"మీ ఇష్టం మేడం" అంది.

*

బస్తీలో పండగలా ఉంది. సరోజన సంచీ నిండా కొత్త బిళ్లలు. ప్రతి ఇంటా అదే పద్ధతి. ముందు తన మెడ కింద, గుక్కెడు చాయ్, ఆ తర్వాత వాళ్లకు. ఓదెలుకు పెట్టగానే ముసలాడి నోరు తెరుచుకుపోయింది.

"బండి బందయింది బిడ్డా! ఇంజనే లేనట్టున్నది!" అని ఆమె చేతులు పట్టుకుని ఏడ్చాడు. ఆ పక్కింటి సత్తెమ్మకు పెడితే, ఎన్నాళ్లుగానో వెల్లకిలా పడుకోలేని మనిషి, వాకిట్లో చాప మీద వెల్లకిలా పడుకుని మబ్బుల్ని చూసింది.

చివరికి బూదవ్వ ఇంటికొచ్చింది. బూదవ్వ ఆమెను ఎగాదిగా చూసింది.

"ఎవలన్న తిట్టిండ్రా?"

"లేదవ్వా. ఎందుకు?"

"ఏం లేదు. అడిగిన."

బిళ్ల సంగతంతా విని బూదవ్వ తల అడ్డంగా ఊపింది.

"నాకొద్దు."

"ఒట్టు, నొప్పే ఉండదే అవ్వా."

"అదే వద్దంటున్న. నేను మైకు కాడ నిలబడి దేని గురించి చెప్పాలె? వాడు కుయ్యిమంటేనే గదా నా నోరు లేసేది. సభ అయినంక పెడుదువు. అందాక నా పాత బిళ్ల, నా సీస, నేను."

"మొండిదానివి."

"మొండిదాన్ని గాకుంటే ఎప్పుడో పోదును."

*

తర్వాతి నెలంతా సరోజనను ఇంకో బస్తీకి తిప్పారు. తిరిగి ఎర్రబోరుకు వచ్చింది మిట్టమధ్యాహ్నం. గల్లీ మొదట్లోనే ఆగిపోయింది.

చప్పుడు లేదు. ట్యాంకరు వచ్చి నిలబడి ఉంది, బిందెలు వరసగా ఉన్నాయి, కొట్లాట లేదు. ఎర్రబోరులో ట్యాంకరు దగ్గర కొట్లాట లేకపోవడం ఆమె ఎన్నడూ చూడలేదు. దడుల మీద బట్టలు కదలకుండా వేలాడుతున్నాయి. కుక్కలు గల్లీ చివర నిలబడి లోపలికి రావడం లేదు.

చప్పుడు అసలే లేదనుకోవడం తప్పు. చెవి పెట్టి వింటే ఒకటుంది. మొదటి ఇంటి గుమ్మంలోంచి సన్నగా, ముక్కుతో తీస్తున్న కూనిరాగం. మూడే స్వరాలు. పైకి లేచి, కొంచెం తేలి, తెగి, మళ్లీ మొదలు. రెండో ఇల్లు దాటింది. అదే రాగం. మూడో ఇల్లు. అదే, అదే చోట తెగుతోంది. ఎక్కడో విన్న రాగం. ఎక్కడో తెలియడం లేదు.

ఓదెలు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, ముక్కుతో రాగం తీస్తూ. ఆమెను చూసి సన్నగా నవ్వాడు. ఓదెలు నవ్వు కాదది. ఓదెలు నవ్వితే పళ్లన్నీ, పళ్లు లేని చోట్లన్నీ కనిపించాలి.

"తాతా, ఎట్లున్నవే? కిరాయిదారు ఏమంటుండు?"

"ఏం కాదు. అంతా మంచిగనే ఉంది" అన్నాడు ఓదెలు. "కంగారు పడొద్దు."

అది నర్సు మాట. రోజుకు ఎన్నిసార్లంటుందో ఆమెకే తెలియని మాట.

అప్పుడు అతని కాలు చూసింది. మోకాలి కింద, కీలు లేనిచోట మడత పడింది. పాదం పక్కకు తిరిగి ఉంది. చర్మం నల్లగా ఉబ్బింది. గడ్డ తిన్న ఎముక ఎప్పుడో విరిగింది. విరిగిన కాలితోనే ఈ మనిషి ట్యాంకరు దాకా పోయి నీళ్లు మోసుకొస్తున్నాడని వాకిట్లో ఈడ్చిన గీత, పక్కన నిండు బిందె చెబుతున్నాయి.

"తాతా! కాలు ఇరిగిందే!"

"ఔనా?" అన్నాడు ఓదెలు మర్యాదగా, ఎవరో వేరేవాళ్ల సంగతి విన్నట్టు.

కర్ర బద్దలు కట్టి, మనుషుల్ని పిలిచి లోపలికి చేర్పించింది. పెద్దాసుపత్రికి పోదామంటే, "మీ ఇష్టం" అన్నాడు. తర్వాత పోదామా అంటే, "మీ ఇష్టం" అన్నాడు. సత్తెమ్మ దగ్గరికి పరుగెత్తింది. సత్తెమ్మ చాప మీద మణికట్టు పట్టుకుని కూర్చుంది. ముందు పెట్టిన అన్నానికి చీమలు పట్టాయి. "ఎందుకు తినలేదే?" అంటే, "మీరు తినమంటే తింట" అంది.

ఫ్యాక్టరీ వెల్ఫేర్ ఆఫీసరు చక్రపాణి అప్పటికే వచ్చి వెళ్లాడట. సభకు మా ఆటోల్లో తీసుకుపోతాం, ముందు వరసలో కూర్చోబెడతాం, ఏమైనా అభ్యంతరాలున్నాయా అని ఇల్లిల్లూ అడిగాడట. బస్తీ మొత్తం ఒక్కటే జవాబు చెప్పింది.

మీ ఇష్టం సార్.

*

సరోజన చెప్పిందంతా బూదవ్వ విన్నది. చిక్కి సగమైంది బూదవ్వ. కళ్లు మాత్రం పోలేదు.

"నీకు నిజంగనే తెల్వదా?" అంది.

"ఏంది?"

"గా రాగం నీదే గదనే పోరి."

సరోజన సంచీ కింద పెట్టింది.

"నువ్వు దవఖాన పెద్దసారు కాడికెల్లి వచ్చినప్పుడు, గా మేడం కాడికెల్లి వచ్చినప్పుడు, గిట్ల చెయ్యి పట్టుకోని ముక్కుల రాగం తీస్తవ్. కోపమొస్తది, అనలేవ్, లోపలికి మింగుతవ్. మింగేటప్పుడు గట్ల ఇనబడ్తది. కొత్త బిళ్లలు తెచ్చిన దినం గూడ తీసుకుంటనే వచ్చినవ్. అందుకే అడిగిన, ఎవలన్న తిట్టిండ్రా అని."

అప్పుడు విన్నది సరోజన. తన ముక్కులోంచే, ఆ క్షణాన కూడా, ఆ మూడు స్వరాలు. ఆపాలని చూసింది. వెంటనే ఆగలేదు.

*

కాత్యాయని కుర్చీలోంచి లేచి నిలబడింది.

"నీ ఒంటికి పెట్టుకున్నావా? ముందు నువ్వు పెట్టుకున్నావా?"

"ఎప్పుడూ అట్లనే పెడ్త మేడం."

"దేవుడా." ఆమె మళ్లీ కూర్చుంది. "నెమ్మదిగా ఉన్న ఒళ్లు ఎట్లా ఉంటుందో బిళ్లకు తెలియాలి కదా. మొదట ఏ చర్మం తగిలితే దాన్నుంచి నేర్చుకుంటుంది. అందుకే మార్ఫిన్ పనిచేసి రోగి నెమ్మదించాక అంటించాలి. ఆ రోజు నువ్వు చూసిన మనిషికీ అంతకుముందే అట్లా అంటించి తీశాం. వాళ్ల నెమ్మదే వాళ్లకు తిరిగి అందాలని."

"ఈ ముచ్చట నాకెవ్వరూ చెప్పలేదు."

"రోగికి అంటించు అని చెప్పాం. మధ్యలో ఇంకొకరు తమ ఒంటికి పెట్టుకుంటారని ఎవరనుకుంటారు? మేమిక్కడ గ్లౌజు లేకుండా ముట్టుకోం."

"మీకు భయపడేటోళ్లు లేరు మేడం. నాకు ఇంటింటికి ఉన్నరు."

కాత్యాయని తల పట్టుకుంది. "పోనీ, నీ నెమ్మదే కదా వాళ్లకు పోయింది. నువ్వు మంచిదానివి. ఓర్పుగలదానివి. నొప్పి అయితే లేదు కదా?"

"అది నెమ్మది కాదు మేడం." సరోజన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నువ్వింక తిరగక్కర్లేదు అని మీరన్నంక నా లోపల ఉన్నది అది. నోరు మూసుకోని కూసున్న ఒళ్లు అది. దాన్ని తీస్కపోయి బస్తీ మొత్తానికి అంటిచ్చిన. విరిగిన కాలు మీద నీళ్లు మోస్తుండు ముసలోడు. నొప్పి ఉంటే ఒక్క అడుగు వేసేటోడా?"

"సభ అయిపోనీ. అన్నీ వెనక్కి తెప్పిస్తాను. ఇప్పుడు తీస్తే ఇన్నాళ్ల నొప్పీ ఒక్కసారి మీద పడుతుంది. అరుస్తారు సరోజనా. అట్లాంటి అరుపు నేను విన్నాను. మళ్లీ వినలేను."

"మీరు వినకుండ్రి. నేను వింట. అది నా పని."

కాత్యాయని ఎదురుచూసింది. ఇలాంటి చోట సరోజన ఎప్పుడూ ఒక మాట అంటుంది. ఈసారి ఆ మాట రాలేదు. కాత్యాయనే తలొంచుకుని ఒక బిళ్ల వెనక్కి తిప్పి చూపించింది.

"ఈ గీత మీద గోటితో గట్టిగా నొక్కు. నేర్చుకున్నది మరిచిపోతుంది."

*

తెల్లారి, సభ రోజు, సరోజన బస్సు దిగి పరుగెత్తుకొచ్చేసరికి బస్తీ ఖాళీ. ఫ్యాక్టరీ ఆటోలు పొద్దున్నే అందరినీ ఎక్కించుకుపోయాయి. బూదవ్వను మాత్రం ఎక్కించుకోలేదు. గుమ్మంలో చేతికర్రతో కూర్చుని ఉంది.

"వాళ్లను అడగకుండ ఎట్ల తియ్యాలె అవ్వా?" దారి పొడుగునా నమిలిన ప్రశ్న బయటపెట్టింది సరోజన. "అడిగితే మీ ఇష్టం అంటరు."

"అది వాళ్లంటున్నరా, నువ్వంటున్నవా?"

సరోజన సంచీ భుజానికి సర్దుకుంది.

"ఇంటోణ్ని అడగాల్నంటే ముందు ఇంటోడు ఇంట్ల ఉండాలె. ఇంట్లకు రానియ్యి. వచ్చినంక అడుగు. మల్ల పెట్టుమంటే మల్ల పెట్టు. కానీ నీది పెట్టకు. వాళ్లది వాళ్లకియ్యి." అని కర్ర ఊతంతో లేచింది. "నడువు. నన్నెవలు మోస్తరు?"

షామియానా కింద ముందు వరసలు నిండి ఉన్నాయి. ముప్ఫై మందికి పైగా. అందరి ఎడమచేయి కుడి మణికట్టు మీద. అందరి ముఖాల మీద ఆ సన్నటి నవ్వు. వేదిక మీద అధికారి రెండో యూనిట్ గురించి కాగితాలు చదువుతున్నాడు, ఎవరికీ అర్థం కాకూడదన్నంత వేగంగా. ఆ చదువుడు కింద, నేలలోంచి వస్తున్నట్టు, కూనిరాగం. అధికారి మధ్యమధ్య ఆగి మైకును తట్టి చూస్తున్నాడు. మైకులో తప్పనుకుంటున్నాడు పాపం.

సరోజన వరస మొదటి నుంచీ మొదలుపెట్టింది. ముందు చెంచా. ఇన్నాళ్లు మందు మానేసిన ఒళ్లు కనుక పాత మోతాదులో సగమే. ఇచ్చింది ఇచ్చినట్టు నోరు తెరిచి తాగారు. మందు లోపలికి దిగేదాకా ఆగింది. అధికారి కాగితాలకు అంతులేకపోవడం ఒక్కటే ఆ రోజు కలిసొచ్చిన సంగతి.

ఆ తర్వాత ఓదెలు ముందు కూర్చుంది. కుర్చీతో సహా మోసుకొచ్చారతన్ని. "తాతా, తియ్యనా?"

"మీ ఇష్టం" అన్నాడు ఓదెలు, ఆమె గొంతుతో.

తీసింది.

కాసేపు ఏమీ కాలేదు. ఆ తర్వాత అతని ముఖంలోకి, చీకటి ఇంట్లోకి తడుముకుంటూ వచ్చినట్టు, ఎవరో వచ్చారు. కళ్లు ఆమె మీద ఆగాయి. నోరు తెరుచుకుంది.

ఆ అరుపుకు షామియానా మీది పక్షులు లేచిపోయాయి.

"నా కాలు! ఎవడిరగ్గొట్టిండు రా నా కాలు!"

సరోజన ఆగలేదు. తర్వాతి మనిషి, ఆ తర్వాతి మనిషి. అరుపులు లేస్తున్నాయి, ఒక్కోటీ ఒక్కో తీరు. ఒకరు పిల్లిలా, ఒకరు కొలిమితిత్తిలా, ఒకామె దేవుణ్ని పేరు పెట్టి తిడుతూ. వాటి కింద మూడు స్వరాల రాగం పలచబడుతూ వచ్చింది. చక్రపాణి పరుగెత్తుకొచ్చి ఆమె భుజం పట్టుకున్నాడు. బూదవ్వ కర్ర అతని కాళ్లకు అడ్డం పడింది.

"వద్దు బిడ్డా, జర దూరముండు" అంది బూదవ్వ. "రోగాలోళ్లం. అంటుకుంటది."

ఆ సందట్లోనే మైకు ముందుకు చేరింది. పాత బిళ్ల గరగరమని తిరగలి తిప్పుతోంది. చెంచా చేతిలోనే ఉంది. తాగలేదు. మైకులో ఆ గరగర సభంతా వినిపించింది.

"సారూ, ఇదే మా కిరాయిదారు. ఇనుండ్రి" అంది. "మా అందరి ఒంట్ల ఉన్నడు. మేం పిలువలే. గోడకవతలికెల్లి నీళ్లల్ల వచ్చిండు. వీడు ఖాళీ చెయ్యడు, మాకెరికే. వీనితోని ఎట్ల కాలం ఎల్లదియ్యాల్నో మేం నేర్చుకున్నం. ఇప్పుడు గోడకవతలోడు రెండో వాటా కట్టుకుంటనంటున్నడు." ఊపిరి కోసం ఆగింది. ముందుకు వంగి, నేర్పినట్టే, నెమ్మదిగా వదిలింది. "జాగ లేదు. గంతే."

అప్పుడు తాగింది చెంచా. తాగి నేల మీద కూర్చుండిపోయింది.

సరోజన వరస చివరికొచ్చింది. చివర సత్తెమ్మ. బిళ్ల తీసి ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఆగింది. ఇంకా ఆగింది. సత్తెమ్మ నవ్వు చెరగలేదు. చేయి మణికట్టు వదలలేదు. బిళ్ల సరోజన అరచేతిలో ఉంది, రాగం సత్తెమ్మ ముక్కులోనే ఉంది. అదే చోట తెగుతోంది, మళ్లీ మొదలవుతోంది. "సత్తెవ్వా, నేనే. ఇంట్లకు రాయే" అంది సరోజన. "మీ ఇష్టం" అంది సత్తెమ్మ.

వెనక నుంచి ఓదెలు కేకేస్తున్నాడు. "ఓ సిస్టరూ! పెట్టే తల్లీ, మల్ల పెట్టు! సస్తున్న!"

వెళ్లింది. అతని బిళ్ల తిప్పి గీత మీద గోరు నొక్కింది. చేయి అలవాటుగా తన మెడ దగ్గరికి లేచింది. గాలిలోనే ఆగింది.

"పెడ్త తాతా. మందు పట్టి జర నిమ్మళమైనంక పెడ్త. అప్పుడైతే నీది నీకే ఉంటది. అందాక ఓపు."

"అందాక ఏం జెయ్యాలె?"

"నీ ఇష్టం."

ఓదెలు పళ్లు కొరుకుతూ ఆమెను చూశాడు. ఆ నొప్పిలోనే పళ్లూ, పళ్లు లేని చోట్లూ కనిపించాయి. "అయితే గా మైకు ఇటియ్యమను" అన్నాడు.

వేదిక మీద అధికారి చెవులు మూసుకుని ఉన్నాడు. తెల్లచీర, సంచీ చూసి సరోజనను గుర్తుపట్టాడు.

"సిస్టర్! మీరే కదా వీళ్లను చూసుకునేది? కాస్త ఊరుకోబెట్టండి వాళ్లను! ఇట్లయితే సభ ఎట్లా నడపాలి?"

సభ ఆమె వైపు తిరిగింది. ఆమె ఎడమచేయి కుడి మణికట్టు వైపు కదిలింది. ముక్కు దాకా ఏదో వచ్చింది. దాన్ని మింగలేదు.

"వాళ్ల ఇష్టం సార్" అంది.

వైరు ఈడ్చుకుంటూ మైకు చేతులు మారి ఓదెలు దగ్గరికొచ్చింది. ముసలాడి గొంతు పాత లారీలా ఒకసారి కొట్టుకుంది, రెండోసారి కొట్టుకుంది, అంటుకుంది.

సరోజన వెళ్లి సత్తెమ్మ పక్కన కూర్చుంది. బిగుసుకుపోయిన ఆ వేళ్లను ఒక్కొక్కటిగా మణికట్టు మీంచి విడదీయడం మొదలుపెట్టింది. విడదీసిన వేలు మళ్లీ వెళ్లి అక్కడే పడుతోంది. ఓదెలు గొంతు కింద, చెవి పక్కనే సత్తెమ్మ ముక్కులోంచి, తన రాగం సరోజనకు వినిపిస్తూనే ఉంది.